రిఫండు డబ్బు, ఆయన కళ్ళు

ఫిబ్రవరి 6

పన్నుల ఆఫీసు నుంచి నా ఖాతాలో డబ్బు పడిందని ఫోన్లో మెసేజ్. చూసి నవ్వొచ్చింది. మోసం చేసేవాళ్ళకైనా మనిషిని చూసి వల వెయ్యాలన్న ఇంగితం ఉండద్దా? కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసుకునేదాన్ని. పన్నుల ఆఫీసు నాకు బాకీ ఉండటమేంటి, నా మొహం! చెరిపి పారేశాను.

సాయంత్రం షాపు లెక్కలు చూసే అతను గుమ్మంలో నిలబడి పళ్ళికిలిస్తున్నాడు. "ఏంటక్కా, పార్టీ ఎప్పుడిస్తున్నావ్?" అని. ఇతనికి ముందున్నాయన మూడేళ్ళపాటు నన్ను కాంట్రాక్టు మనిషిగా రాసి, జీతం చేతికివ్వకముందే పన్ను కోసి కట్టేశాట్ట. నా జీతానికి అసలు పన్నే లేదట! ఇతను చూసి నా తరఫున కాయితాలు పంపిస్తే, కోసిందంతా వెనక్కొచ్చింది. దాదాపు నాలుగు నెలల జీతం, ఒక్కసారిగా.

వింటూ వింటూ మిషన్ ఆపడం మర్చిపోయాను. ఎవరిదో పాపం, కుడి కంటి అద్దం ఫ్రేములోంచి జారిపోయేంత చిన్నదైపోయింది. షాపు మేడం తిట్టింది కానీ నాకు తిట్టు కూడా తియ్యగానే వినపడింది.

చిల్లిగవ్వ వృథా కాకూడదు. తెలివిగా వాడాలి.

ఫిబ్రవరి 7

సలహాలకి కొదవేం లేదు. మేడం బ్యాంకులో డిపాజిట్ వెయ్యమంది. లెక్కలతను బంగారం కొనమన్నాడు. మా అమ్మాయి మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండానే, "నాన్న కళ్ళకి పెట్టమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది?" అంది.

నిజమే, ఆలోచించడానికేముంది? డిసెంబర్లోనే పెద్దాసుపత్రి డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. షుగరు వల్ల కంటి లోపలి పొరలోకి నీరు కారుతోందట. నెలనెలా కంట్లోకి సూది వెయ్యాలి. వేసవి లోపు మొదలుపెడితే ఉన్న చూపు నిలబడుతుంది, పోయింది మాత్రం తిరిగి రాదు. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దంది. ఆయన బుద్ధిగా తలూపారు. మర్నాడు పొద్దున్నే స్కూలు బస్సు తాళాలు జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు నేనూ ఊరుకున్నాను. డబ్బు లేనప్పుడు ఏం మాట్లాడతాం. ఇప్పుడు డబ్బుంది.

ఫిబ్రవరి 8

భోజనాల దగ్గర విషయం ఎత్తాను.

"కంట్లో సూదా? ఒళ్ళంతా వదిలేసి కంట్లోనే ఎందుకే?"

"చూపు అక్కడుంది కాబట్టి."

నవ్వారు. ఆయన నవ్వితే నాకు సగం ఓడిపోయినట్టే. తరవాత మెల్లిగా మొదలుపెట్టారు. సూది వేస్తే కంటికి కట్టు కడతారు. కట్టుతో ఇంట్లో కూర్చుంటే బస్సుల కంపెనీ ఎందుకని అడుగుతుంది. కళ్ళు బాగాలేని డ్రైవరు వాళ్ళకెందుకు? ఆయన జీతం లేకపోతే ఇంటద్దె ఎవరిస్తారు? నా జీతం కూరలకీ ఫీజులకీ తప్ప దేనికొస్తుంది?

"ఆ డబ్బు పిల్ల కాలేజీకి దాచు. నాకేం ఫర్వాలేదు. రోజూ అదే రోడ్డు, అవే మలుపులు. కళ్ళు మూసుకుని నడపగలను."

ఆ మాటన్నాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, గ్లాసు కోసం చెయ్యి చాచారు. ఉప్పు డబ్బా చేతికొచ్చింది. దాన్ని అక్కడే పెట్టేసి, దాహం లేనట్టు కూర్చున్నారు. పిల్ల లేచి గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ముగ్గురం ఏమీ జరగనట్టే తిన్నాం.

ఫిబ్రవరి 15

ఎలాగో ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మొదటి సూదికి డబ్బు కట్టేశాను. కంట్లో చుక్కలు వేశారు. పేరు పిలిచేలోపు బాత్రూంకి వెళ్ళొస్తానన్నారు. ఎంతసేపటికీ రారు. నర్సు రెండుసార్లు పిలిచింది. మగాళ్ళ బాత్రూం ముందు నిలబడి "ఏవండీ, ఏవండీ" అని కేకలేశాను. లోపల్నించి ఎవరో ముసలాయన, "నేను కాదమ్మా" అన్నాడు.

చుక్కలు వేసిన కళ్ళతో, ఎదురుగా ఏముందో తెలీకుండా, మెట్లు దిగి బయటికెళ్ళిపోయారు మహానుభావుడు! బస్టాపులో దొరికారు. యాభై దాటిన మనిషి, అంత పెద్ద బస్సుని వేలితో తిప్పే మనిషి, నా కొంగు పట్టుకుని "నా వల్ల కాదే, నన్ను వదిలెయ్" అన్నారు. తిట్టాలని ఎంత కోపంతో వచ్చానో, చివరికి ఆయన మొహం తుడిచి పక్కన కూర్చున్నాను.

కట్టిన డబ్బు తిరిగిచ్చారు. కౌంటర్లో అమ్మాయి మంచిది.

ఫిబ్రవరి 16

తిరిగిచ్చిన డబ్బు బ్యాంకులో వేసొచ్చాను.

ఫిబ్రవరి 21

చచ్చే చావొచ్చిపడింది. కంపెనీ డ్రైవర్లందరికీ ఈ ఏడాది కళ్ళ పరీక్ష మా షాపులోనే అట. మార్చి పదిన. మేడం సంబరంగా చెప్పింది. "అందరూ కొత్త అద్దాలు ఇక్కడే చేయించుకుంటారు, నీకూ పని పెరుగుతుంది" అని. మీ ఆయన కూడా వస్తారుగా అంటూ కన్నుగీటింది.

మేడంకి భుజం నొప్పి. అందుకని పరీక్షప్పుడు ఆవిడ కుర్చీలో కూర్చుని రాసుకుంటుంది. గోడ మీది అక్షరాల అట్ట పక్కన నిలబడి, కర్రతో ఒక్కో అక్షరం చూపించేది నేను.

ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

ఫిబ్రవరి 23

బట్టలు మడత పెడుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. ఎన్నడూ లేనిది దుప్పటి రెండో కొస పట్టుకుని సాయం కూడా చేశారు. అప్పుడే నాకు అర్థమైంది ఏదో అడగబోతున్నారని.

"ఏ అక్షరం తరవాత ఏది చూపిస్తావో ముందే అనుకుందాం. ఈ ఒక్కసారికే. పరీక్ష గట్టెక్కితే, స్కూలు సెలవుల్లో వెళ్ళి సూదులు వేయించుకుంటాను. సెలవుల్లో కట్టు కట్టుకుంటే అడిగేవాడెవడూ ఉండడు. ఉద్యోగమూ ఉంటుంది, కళ్ళూ ఉంటాయి. నీ మీదొట్టు."

"నా మీదెందుకు, మీ మీద పెట్టుకోండి."

"నా మీద నాకే నమ్మకం లేదు" అన్నారు. ఇద్దరం నవ్వేశాం.

ఆలోచిస్తే ఇదే మంచిదనిపిస్తోంది. డబ్బు సెలవులదాకా బ్యాంకులో భద్రంగా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఎవరికీ నష్టం లేదని రాశాక బస్సులో పిల్లలు గుర్తొచ్చారు. కానీ ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా. కాస్త జాగ్రత్తగా నడపమన్నాను.

ఫిబ్రవరి 28

ఇల్లు బడైపోయింది. పైవరస కుడి నుంచి, రెండోది మధ్యనుంచి, మూడోది చివరి నుంచి. "న ప గ, ల ట వ" అని స్నానం చేస్తూ పాడుతున్నారు. చిన్నప్పుడు ఇంత శ్రద్ధగా చదివుంటే కలెక్టరయ్యేవారు. ఆ మాటే అన్నాను. "అప్పుడు నువ్వు దొరికేదానివి కాదుగా" అన్నారు.

అమ్మాయికి అర్థమైంది. నాతో మాట్లాడటం మానేసింది.

మార్చి 10

అయిపోయింది.

ఆరోవాడిగా వచ్చి కూర్చున్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు. మేడం నవ్వి, "మొగుడని మొహమాటపడకమ్మా" అంది. మొదటి వరస బాగానే గడిచింది. రెండోదీ అంతే. మూడోదానికొచ్చేసరికి నేను తడబడ్డాను, కర్ర ఒక అక్షరం ఇవతల ఆగిపోయింది. ఆయన మాత్రం బట్టీ పట్టిన అక్షరమే దర్జాగా చెప్పారు. ఆయన చెప్పిన అక్షరం మీదికి కర్రని జరిపేశాను. మేడం తలెత్తేసరికి కర్రా మాటా ఒకచోటే ఉన్నాయి.

"భేష్" అంది మేడం. "ఈ వయసులో ఈ చూపు!"

మిగతా డ్రైవర్లు ఆయన వీపు తట్టారు.

మార్చి 11

సెలవులు ఇంకో ఆరువారాల్లోకి వచ్చాయి. అంతే కదా.

మార్చి 18

ఆసుపత్రిలో తేదీ తీసుకోవడానికి ఫోన్ చెయ్యనా అని అడిగాను. ఎందుకన్నారు.

ఎందుకేంటి?

"పరీక్షలో చూశావుగా. అన్నీ చెప్పాను."

"మీరు చూసి చెప్పారా, బట్టీ పట్టి చెప్పారా?"

"మొదట్లో బట్టీ పట్టిందే చెప్దామనుకున్నా. కూర్చున్నాక కనపడ్డాయే! మూడో వరసలో నువ్వు తడబడ్డావు కూడా, నేను సరిగ్గానే చెప్పాను. మేడం కూడా అంది కదా, ఈ వయసులో ఈ చూపని."

ఆటపట్టిస్తున్నారేమోనని మొహంలోకి చూశాను. లేదు. పసిపిల్లాడిలా నిజంగానే నమ్ముతున్నారు. ఇప్పుడు నేనేం చెప్పాలి? కర్ర నేనే జరిపానని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన ఎంత హాయిగా ఉన్నారో! డిసెంబరు తరవాత ఈ మనిషి హాయిగా ఉండటం ఇదే చూడటం. నోరు మూసుకున్నాను. రేపు చెప్తాను.

మార్చి 19

రేపు చెప్తాను.

మార్చి 25

ఆసుపత్రి నుంచి ఫోను. కౌంటర్లో ఉండే ఆ మంచి అమ్మాయే. "మేడం, ఆయన్ని తీసుకురాలేదేం? డాక్టరుగారు అడుగుతున్నారు. ఎడమ కన్ను ఇంక ఆగదన్నారు." ఊళ్ళో లేరని చెప్పాను. ఏ ఊరు వెళ్ళారని ఆ అమ్మాయి అడగలేదు కానీ, అడిగితే చెప్పడానికి ఒక ఊరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. అబద్ధాలు ఇంత సులువుగా వస్తాయని నాకు తెలీదు.

సాయంత్రం కర్ర సంగతి చెప్పేశాను. ఆయన వినలేదు. వినలేదంటే, విన్నారు. "నువ్వు భయపడి జరిపావేమో కానీ, నేను చూసే చెప్పాను" అన్నారు. ఇంకేం మిగిలింది చెప్పడానికి? ఒళ్ళు మండిపోయి కూర గిన్నె ఎత్తి సింకులో పడేశాను. రాత్రికి ముగ్గురం రొట్టె తిన్నాం.

ఏప్రిల్ 2

బస్సు పక్కద్దం విరిగింది. స్తంభం రోడ్డు మీదికొచ్చిందన్నారు. పిల్లలకి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు.

మేడం గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది, నాది పోతుంది, సంతకం పెట్టినందుకు మేడం మీదికి కూడా వస్తుంది. మొదటిసారి వెళ్ళి మంచినీళ్ళు కావాలా అని అడిగాను. రెండోసారి సెలవు గురించి అడిగాను. ఎన్ని రోజులు కావాలంటే, ఒక్క రోజూ వద్దన్నాను. మేడం కళ్ళజోడు తీసి నన్ను తేరిపార చూసింది. "ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

ఏప్రిల్ 5

బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ మానేస్తోందట, మోకాళ్ళు పట్టేశాయని. ఆయన మామూలుగా చెప్పారు. నాకు మాత్రం దారి దొరికినట్టైంది.

ఆ పనిలో నేనే చేరితే? ఆయన పక్కన కూర్చుంటాను. ఎదురుగా ఏముందో ఎప్పటికప్పుడు చెప్తుంటాను. జీతం షాపులో వచ్చేదాంట్లో సగమే. మిగతా సగానికి రిఫండు డబ్బు ఉండనే ఉంది, పొదుపుగా వాడితే చాలా నెలలే వస్తుంది. ఈలోగా మెల్లిగా నచ్చజెప్పి, సెలవుల్లో ఒక్క సూదైనా వేయిస్తాను.

ఎన్నాళ్ళకో ఒక తెలివైన ఆలోచన వచ్చింది.

ఏప్రిల్ 6

అమ్మాయి ఇవాళ మాట్లాడింది. "అమ్మా, ఆ డబ్బుతో నాన్న కళ్ళు బాగుచేయిస్తావనుకున్నాను. నువ్వే కళ్ళై కూర్చుంటానంటున్నావు." అని తలుపు వేసుకుంది. పదహారేళ్ళ పిల్లకి సంసారం సంగతేం తెలుసు.

ఏప్రిల్ 12

షాపు మానేశాను. మేడం నమ్మలేకపోయింది. "అద్దాలు అరగదీయడం వచ్చినదానివి, బస్సులో పిల్లల ముక్కులు తుడుస్తావా?" అంది. ఆయనకి తోడుగా ఉంటాననే చెప్పాను. అందులో అబద్ధమేముంది.

ఏప్రిల్ 16

పనిలో మొదటిరోజు.

పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆయన పక్కనే, ముందు వరస సీట్లో కూర్చున్నాను. ఆయన నన్ను చూసి, "కొత్తపెళ్ళికూతురిలా ఉన్నావే" అన్నారు. రెండో స్టాపులో రెండు జడల పిల్ల ఎక్కింది, మూడో తరగతి ఉంటుందేమో. నా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆంటీ, లే. అది సిగ్నల్ సీటు. ఈ వారం నాది."

"సిగ్నల్ సీటేంటమ్మా?"

"ఆటకి!" అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు. "లైటు దగ్గర ఆగినప్పుడు రంగు ఎవరు ముందు చెప్తే వాళ్ళకి డ్రైవరంకుల్ చాక్లెట్ ఇస్తారు. ఎదురుగా ఎవరైనా అడ్డమొస్తే చెప్పినా ఇస్తారు. ఈ సీట్లోంచి బాగా కనపడుతుంది. అందుకని వంతులు."

ఆయన అద్దంలోకి కూడా చూడట్లేదు. రోడ్డుకేసే చూస్తున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఎప్పట్నించి ఆడుతున్నారీ ఆట?"

"నేను మూడో తరగతిలో చేరినప్పట్నించి. కదా అంకుల్?"

మూడో తరగతి. అంటే పోయిన వేసవి. డాక్టరమ్మ దగ్గరికి నేను ఈడ్చుకెళ్ళడానికి ఎన్నో నెలల ముందు నుంచి. నాకు తెలీకముందే ఆయనకి తెలుసు. స్టీరింగు పక్కన నిండా చాక్లెట్లున్న డబ్బా కూడా ఉంది.

లేచి పిల్లకి సీటిచ్చాను. పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. లైటు వచ్చింది, పొద్దుటెండ సూటిగా అద్దం మీద పడుతోంది. "ఎరుపు!" అని అరిచింది పిల్ల. బస్సు ఆగింది. కాసేపటికి "పచ్చ!" అంది. బస్సు కదిలింది. వెనక పిల్లలంతా చప్పట్లు.

నలభైమంది పిల్లలు. ఎనిమిదేళ్ళ పిల్ల నడుపుతోంది ఆ బస్సుని.

ఇంటికొచ్చాక ఆయనే అన్నారు, "పిల్లలకి సరదా" అని. గోడకేసి తిరిగి పడుకున్నారు. నిద్రపోలేదు, ఊపిరి నాకు తెలుసు.

అదే రోజు, మళ్ళీ

ఇప్పుడు నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది. నాది నేనే వదులుకుని కూర్చున్నాను. మిగిలేది ఆ రిఫండు ఒక్కటే. దాంతో అద్దె కడతామా, సూదులు వేయిస్తామా? రెండూ కావు. ఎలా లెక్కేసినా రెండూ కావు. ఫిబ్రవరిలో అది ఎంత పెద్ద డబ్బో!

నా వల్ల కావట్లేదు. ఎవరైనా వచ్చి ఇలా చెయ్యి అని చెప్తే బాగుండు.

ఏప్రిల్ 17

ఇది ఎలా రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న పెద్ద కూడలి దగ్గర ఎరుపు పడింది. ఆగాం. రెండు జడల పిల్ల సీట్లో ముందుకి వంగి, కళ్ళు చికిలించి చూస్తోంది. నేను ఆ పిల్లకీ ఆయనకీ మధ్య నిలబడ్డాను. ముందు పచ్చ చూసింది నేనే. వెంటనే పిల్ల "పచ్చ!" అంది. ఆయన గేరు మీద చెయ్యి వేశారు.

"ఎరుపు" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"పచ్చ, పచ్చ!" పిల్లలందరూ మొదలుపెట్టారు. వెనక కార్లు హారన్లు. రెండు జడల పిల్ల నా చీర పట్టి లాగుతూ, "ఆంటీ అబద్ధం చెప్తోంది అంకుల్, పచ్చే!" అని ఏడుపు మొహం పెట్టింది, చాక్లెట్ పోతుందని.

ఆయన అద్దానికి మొహం ఆనించినట్టుగా ముందుకి వంగారు. కనురెప్పలు ఆర్పి ఆర్పి చూశారు. ఎండ తప్ప ఏమీ లేదక్కడ ఆయనకి. నా వైపు తిరిగారు. ఆ మొహం ఎన్నాళ్ళైనా మర్చిపోలేను.

"ఎవరి మాట నమ్మమంటావే?"

"నా మాటే."

"అందరూ పచ్చంటున్నారు."

"మీకేం కనపడుతోందో చెప్పండి."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎవడో కారు దిగి వచ్చి తలుపు బాదాడు. ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు. తరవాత చాలా చిన్నగా అడిగారు.

"ఇంకా ఎరుపేనా?"

"ఎరుపేనండీ. ఇంక మారదు."

హ్యాండు బ్రేకు లాగారు. ఇంజను ఆపారు. చేతులు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుని, రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నారు. నేను కంపెనీకి ఫోన్ చేసి, ఇంకో డ్రైవర్ని పంపించమన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాను.